చక్రాల పేరయ్య

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. కాని దాదాపు నలభై ఏళ్ళుగా ఒక మాట నా గొంతు దగ్గరే ఆగి ఉంది. అన్నం తింటుంటే అడ్డం పడలేదు. నవ్వుతుంటే ఆపలేదు. నా పనులు నన్ను చేసుకోనిచ్చింది. అందుకే ఇన్నాళ్ళు మోయగలిగానేమో. క్లాసులో బోర్డు మీద ఒక భిన్నం రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగేది. మేడం గారికి అంకె గుర్తు రావడం లేదని పిల్లలు అనుకునేవాళ్ళు.

ఇవాళ చెప్పేస్తాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ వాక్యాన్ని మీరు నమ్మకండి.

ఎనభైల మొదట్లో నూజివీడు దగ్గర ఒక చిన్న వృత్తివిద్యా కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరాను. టెంపరరీ పోస్టు. మాది బందరులో మేష్టర్ల ఇల్లు. మా నాన్నగారు, ఆయన నాన్నగారు, ఇద్దరు బాబాయిలు, అందరూ బడిపంతుళ్ళే. నాకూ చదువు చెప్పడం తప్ప వేరే పని ఉంటుందని తోచలేదు. కాలేజీ అంటే రెండు రేకుల షెడ్లు, ఒక పెంకుటిల్లు, మూడు వైపులా మామిడితోటలు. నా వంతుకి వడ్రంగం బ్యాచి వచ్చింది. మొత్తం పంతొమ్మిది మంది. పద్దెనిమిదేళ్ళ వాళ్ళ నుంచి, పెళ్ళయి బిడ్డ పుట్టిన వాళ్ళ దాకా ఉన్నారు.

రంపం చేతికిస్తే గీత మీద నుంచి వెంట్రుకవాసి తప్పకుండా కోసేవాళ్ళు. సుద్దముక్క చేతికిస్తే చెమటలు పట్టేవి. కాపు దిగే రోజుల్లో సగం మంది మామిడి పెట్టెలు కొట్టడానికి పోయేవాళ్ళు. మిగిలిన సగం నా క్లాసులో నిద్రపోయేవాళ్ళు. మొదటి మూడు నెలలు నేను ఘోరంగా ఓడిపోయాను.

ఓడిపోవడం మా ఇంట్లో అలవాటు లేదు. అది గొప్పగా చెప్పుకోవడం లేదు. జరిగిన దానికి మూలం అక్కడే ఉందని నా అనుమానం.

బెజవాడలో పాత పుస్తకాలు అమ్మే దుకాణంలో గణితం ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. దానికి అట్ట లేదు. మొదటి పేజీలు కూడా లేవు. ఆదివారమంతా చదివాను. సోమవారం కొబ్బరితాడు తెప్పించి, సమానమైన ఎడంతో పదమూడు ముళ్ళు వేయించి, పంతొమ్మిది మందినీ తోటలోకి తీసుకెళ్ళాను. మూడు, నాలుగు, ఐదు భాగాలు వచ్చేలా ముగ్గురిని తాడు పట్టుకుని నిలబడమన్నాను. నాలుగో అతను మూలమట్టం తెచ్చి మూల దగ్గర పెట్టి చూశాడు. చెక్కలో బిగించినట్టు సరిపోయింది. వేల ఏళ్ళ క్రితం యజ్ఞవేదికలు కట్టేవాళ్ళు మూలలు ఇలా తాడుతోనే కట్టేవాళ్ళని చెప్పాను. మర్నాడు ఎవరూ నిద్రపోలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ పంతొమ్మిది మందిలో ఒక్కరిని కూడా లెక్కల్లో తప్పనివ్వను. వారానికొక కథ చెప్పేదాన్ని. సున్నా ఎలా ప్రయాణం చేసిందో, అరబ్బు వర్తకులు మన అంకెలు ఎలా పట్టుకెళ్ళారో, నీడని కొలిచి గోపురం ఎత్తు ఎలా చెప్పారో. కథ అయిన వెంటనే లెక్క. సిలబస్ ఏమవుతుందమ్మా అని ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు అడిగారు. పరీక్షలయ్యాక అడగండి అన్నాను. అంత ధీమా ఉండేది.

ఆ బ్యాచిలో వీరభద్రం అనే అతను ఉండేవాడు. ఇది అతని అసలు పేరు కాదు. అసలు పేరు రాయొద్దని అతనే చెప్పాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. చాట్రాయి వైపు ఊరు. వాళ్ళ నాన్న బండి చక్రాలు చేసేవాడు. రబ్బరు టైర్ల బళ్ళు వచ్చాక ఆ పని తగ్గి, ఎండాకాలం పెట్టెలు, మిగతా రోజుల్లో తలుపులు చేసేవాడు. వీరభద్రం తక్కువ మాట్లాడేవాడు. నేను బోర్డు మీద లెక్క పూర్తి చేసేలోపు జవాబు పుస్తకంలో రాసేసి, తలెత్తకుండా కూర్చునేవాడు. చెప్పమంటే చెప్పేవాడు కాదు.

వృత్తం పాఠం చెబుతున్నాను. చక్రం అడ్డుకొలతని దేనితో హెచ్చవేస్తే చుట్టుకొలత వస్తుంది? ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో అంకె ఎలా తెచ్చారో చెప్పాను. అందరూ వింటున్నారు. వీరభద్రం మొదటిసారి తనంతట తాను లేచి నిలబడ్డాడు.

“ఇయ్యన్నీ చదువుకున్నోళ్ళు కనిపెట్టినయ్యేనండి. చక్రాలు చేసింది మావాళ్ళు. లెక్క కట్టింది మాత్రం వేరేవాళ్ళండి.”

కోపంతో అనలేదు. వాన పడుతోంది అన్నట్టు అన్నాడు. అదే నాకు తగిలింది. పంతొమ్మిది మొహాలూ నా వైపు తిరిగాయి. అవునా కాదా అని అడుగుతున్నాయి. నిజమైన జవాబు ఒకటుంది: నాకు తెలియదు, ఎవరూ రాసి పెట్టలేదు, అందుకే తెలియదు అని. ఆ జవాబు చెప్పి ఉంటే ఎంత మంచి పాఠం అయ్యేది! ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ మొహాలు మళ్ళీ నిద్రలోకి జారిపోతాయని భయం వేసింది.

నోరు తెరిచాను. అబద్ధం తయారుగా ఉన్నట్టే వచ్చింది. రెండు వందల ఏళ్ళ క్రితం ఇక్కడే, మీ చాట్రాయి దగ్గరే, చక్రాల పేరయ్య అని ఒక వడ్రంగి ఉండేవాడన్నాను. ఇరవై రెండు బై ఏడు చాలక, చక్రాలు చేసి చేసి, తాడుతో కొలిచి కొలిచి, అంతకంటే మేలైన అంకె పట్టుకున్నాడన్నాను. బోర్డు మీద రాశాను. మూడు వందల యాభై ఐదు బై నూట పదమూడు. ఆ భిన్నాన్ని చైనాలో ఎవరో ఎన్నో వందల ఏళ్ళ క్రితమే కనుక్కున్నారు. నా అట్టలేని పుస్తకంలో ఉంది. పేరయ్య మాత్రం ఏ పుస్తకంలోనూ లేడు.

వీరభద్రం కూర్చోలేదు. అరవై అంగుళాల చక్రానికి రెండు అంకెలతోనూ చుట్టుకొలత నిలబడే కట్టేశాడు. “తేడా అంగుళంలో పదో వంతు కూడా లేదండి. ఇనప పట్టా కాల్చి ఎక్కించేప్పుడు ఇంతకంటే ఎక్కువే సాగుతుంది. ఆయనకి అంత సన్నటి లెక్క ఎందుకండి?”

ఇది నన్ను కాపాడటానికి వచ్చిన ప్రశ్న. నిజమే, నేను కల్పించాను అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేనేమన్నానో తెలుసా? “ఊరికే తెలుసుకోవాలనిపించింది ఆయనకి” అన్నాను.

అతని మొహంలో ఏదో మారింది. పనికొస్తుందని కాదు, ఊరికే తెలుసుకోవాలని ఒక వడ్రంగి లెక్క కట్టాడు. ఆ మాట అతన్ని పట్టుకుంది. అప్పటి నుంచి వీరభద్రం వేరే మనిషి. సాయంత్రం షెడ్డు మూసేదాకా లెక్కలు చేసేవాడు. నా దగ్గరున్న ఇంటర్ పుస్తకాలు అయిపోతే డిగ్రీ పుస్తకాలు తెచ్చిచ్చాను. మిగతావాళ్ళకి తనే నేర్పేవాడు. పంతొమ్మిది మందీ ఆ ఏడాది పాసయ్యారు. కాలేజీలో అలాంటిది అంతకు ముందెప్పుడూ జరగలేదు.

రెండో ఏడాది ఒక సోమవారం అతను స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి, పేరయ్య ఇంటివాళ్ళ కోసం వెతుకుతున్నానని చెప్పాడు. ఆదివారాలు సైకిల్ మీద వాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతున్నాడట. ఒక ముసలాయన, అవును, మా తాత ఆ పేరు అనేవాడు అన్నాడట. వాళ్ళ నాన్నయితే పేరయ్య తమ ఇంటివాడేనని అప్పుడే తేల్చేశాడట. పని చేస్తున్నంతసేపూ వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడట.

నేను విని ఏం చేశాను? సంతోషపడ్డాను. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ముసలాయన మాట విన్న క్షణం, ఏమో, నిజంగానే ఒక పేరయ్య ఉండేవాడేమో అనిపించింది. నా అబద్ధాన్ని ఎవరో వచ్చి నిజం చేసి వెళ్ళినట్టు తేలికపడ్డాను. శ్రమ పడకు వీరభద్రం, ఇవన్నీ దొరకవు అని మాత్రం అన్నాను. దొరకవు అన్నాను. లేడు అనలేదు.

ఆ ఏడాది చివర హైదరాబాదులో ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణకి సీట్లు పడ్డాయి. మా కాలేజీ నుంచి అతన్ని పంపాం. రాత పరీక్షలో అందరికంటే పైన ఉన్నాడు. ఇంటర్వ్యూలో లెక్కల మీద ఇష్టం ఎలా కలిగిందని అడిగారు. పేరయ్య గురించి చెప్పాడు. అక్కడ లెక్కలు బాగా తెలిసిన ఒకాయన ఉన్నారు. నవ్వి, ఆధారమేమిటని అడిగారు. మా మేడం గారు పాఠంలో చెప్పారన్నాడు. వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం వచ్చింది. అభ్యర్థి చెప్పింది మీ కాలేజీలో నేర్పినదేనా, లేక అతనే కల్పించి సాకు చెప్పాడా తెలియజేయమని.

ప్రిన్సిపాల్ గారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఆయన మంచివారు. ఉన్న సంగతి దాచకుండా చెప్పారు. మేడం చెప్పారని తను రాస్తే అతని తప్పేమీ ఉండదు, సీటు వస్తుంది. మేడం గారిని మాత్రం పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు అన్నారు. నా పోస్టు పర్మనెంటు చేసే కాగితాలు అదే వారం పైకి వెళ్ళాలి. అది ఆయన అనలేదు. అనక్కర్లేదు, నాకు తెలుసు.

“ఏమ్మా, ఈ పేరయ్య సంగతి క్లాసులో మీరు చెప్పారా?”

“లేదండి,” అన్నాను. “వృత్తం పాఠం చెప్పాను. పేరయ్యెవరో నాకు తెలియదండి.”

గొంతు వణకలేదు. అదే భయంకరం. పాఠం చెప్పినట్టే చెప్పాను.

ఆయన వీరభద్రం వైపు తిరిగారు. “ఏమయ్యా మరి?”

వీరభద్రం నా వైపు ఒక్కసారి చూశాడు. ఎక్కువసేపు కాదు. చెక్క వంకర ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూస్తారే, అంతసేపు.

“మేడం గారు చెప్పలేదండి. నేనే ఎక్కడో విని, ఆవిడ చెప్పారనుకున్నాను.”

సీటు పోయింది. ఆ నెల తర్వాత అతను కాలేజీకి రాలేదు. ఫైనలు పరీక్ష రాయలేదు. క్లాసులో అతనికి మూడొందల యాభై ఐదు అని పేరు పెట్టారు. మేడం మీద పెట్టి కోతలు కోశాడని చెప్పుకున్నారు. ఎవరు చెప్పారో నిజంగా విన్న పద్దెనిమిది మందీ అదే క్లాసులో ఉన్నారు కదా, వాళ్ళకి గుర్తు లేదా అని మీరడగొచ్చు. నన్ను నేనూ ప్రశ్నించుకున్నాను. ఒకరిద్దరు నన్నే అడిగారు కూడా. అదొక కథగా అన్నాను, నిజమని అతననుకున్నాడు అని చెప్పాను. మేడం చెప్పాక వాళ్ళకి గుర్తున్నది కూడా వాళ్ళకే అనుమానం అయిపోయింది. ఒక అబద్ధం మీద ఇంకొకటి, దాని మీద మూడోది. పేర్చడంలో నాకు తిరుగు లేకపోయింది.

నేను పర్మనెంటు అయ్యాను. నా కథల పాఠాలు చూడటానికి వేరే కాలేజీల నుంచి వచ్చారు. నేను ఆ పద్ధతి మానలేదు. అది మంచి పద్ధతే, ఇప్పటికీ అదే అంటాను. కాని ఆ తర్వాత ఏ సంగతి చెప్పినా అది ఏ పుస్తకంలో ఉందో బోర్డు మూల రాసేదాన్ని. తెలియకపోతే తెలియదని రాసేదాన్ని. మేడం గారి నిజాయితీ అని పిల్లలు ముచ్చటపడేవాళ్ళు. ఆ ముచ్చట కూడా నేను వద్దనలేదు.

రిటైరయిన చాలా ఏళ్ళకి, మొన్నటి వేసవిలో, ఆ పాత బ్యాచివాళ్ళు నూజివీడులో ఒక హాలు తీసుకుని నాకు సన్మానం చేశారు. అందరి తలలూ నెరిశాయి. భోజనాల దగ్గర ఒకతను, మన మూడొందల యాభై ఐదు రాలేదేం, కొత్త పేరయ్యని వెతకడానికి వెళ్ళాడా అన్నాడు. వరసంతా నవ్వింది. అన్నేళ్ళ తర్వాత కూడా! నా మెడలో వాళ్ళు వేసిన శాలువా ఉంది. లేచి చెప్పాల్సింది. నేను పెరుగు కలుపుకున్నాను.

ఇంటికొచ్చి శాలువా మడిచి పెడుతుంటే నాకు నా మీద అసహ్యం వేసింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే అక్కడితో సరిపోయేదేమో. పంతొమ్మిది పేర్లూ కాగితం మీద రాసుకున్నాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పాలి, ఫోన్లో కాదు, మొహం చూసి చెప్పాలి. మొదటి పేరు వీరభద్రం. నిజానికి అతనికి చెప్పేదేముంది, నేనే చెప్పానని అతనికి ముందే తెలుసు కదా అనుకున్నాను. అతని దగ్గర ఊరికే తల వంచుకుంటే చాలు, అసలు పని మిగతావాళ్ళ దగ్గరే అనుకున్నాను.

అక్కడా తప్పుగానే అనుకున్నాను.

జి. కొండూరులో రోడ్డు మీదే అతని తలుపుల షాపు. నన్ను గుర్తుపట్టి, చేతులు తుడుచుకుని, కుర్చీ వేశాడు. ఆయాసం తీరాక కాఫీ తెప్పిస్తానన్నాడు. కాఫీ వద్దు, ముందు విను అన్నాను. ప్రిన్సిపాల్ గారి గదిలో నేనన్న మాట అబద్ధమని చెప్పాను. అతను తల ఊపాడు.

“తెలుసండి. భయపడ్డారనుకున్నాను. మీరు భయపడి లేదన్నంత మాత్రాన పేరయ్య లేకుండా పోతాడా అనుకున్నాను. అందుకే నేనే ఎక్కడో విన్నానన్నాను.”

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇన్నేళ్ళూ అతను నమ్ముతూనే ఉన్నాడు. నేను పిరికిదాన్నని అతనికి తెలుసు. పేరయ్యని నేనే కల్పించానని తెలియదు. ఇక్కడితో ఆపేసి వెళ్ళిపోవచ్చు. సగం ఒప్పుకోలు చేతిలో ఉంది. మిగతా సగం చెబితే అతని దగ్గరున్నది కూడా లాగేసుకున్నట్టవుతుంది. ఏది దయ, ఏది మళ్ళీ పిరికితనం? చాలాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి, ఈ రెంటికీ తేడా తెలియడం లేదంటే నేను చెప్పాల్సిందేననిపించింది.

“పేరయ్య లేడు వీరభద్రం. ఆ రోజు బోర్డు ముందు నిలబడి నేనే కల్పించాను.”

అతను షాపులోకి చూశాడు. లోపల ఇద్దరు పనివాళ్ళు చిత్రిక పడుతున్నారు.

“మా నాన్న ఆయన ఇల్లు ఎక్కడుండేదో పోయేదాకా వెతికాడండి,” అన్నాడు. ఆ తర్వాత, “నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజు పేరయ్య కథే చెప్పాను. మా అమ్మాయి లెక్కల టీచరు. వాళ్ళ బళ్ళో అదీ చెబుతోంది.”

వాళ్ళందరికీ నేనే వచ్చి చెబుతానన్నాను. పేర్లు ఇమ్మన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“మీరు చెప్పింది మీరు చెప్పండి. నేను చెప్పింది నేను చెప్పుకుంటాను.”

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. లేచి వస్తుంటే గుమ్మం దాకా కూడా రాలేదు. రావాల్సిన పని లేదు. కాఫీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత బస్సులెక్కి దిగుతూ పదకొండు మంది దగ్గరికి వెళ్ళాను. మైలవరంలో కలప అడితి నడుపుతున్నతను, అప్పట్లో మూడొందల యాభై ఐదు అని పేరు పెట్టింది అతనే, విని లేచి బయటికి వెళ్ళిపోయి చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. ఇప్పుడెందుకండి ఇవన్నీ అని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఒకతను నమ్మలేదు. మీరు పెద్దవారు, అతన్ని కాపాడటానికి ఇలా అంటున్నారు అన్నాడు. అతనికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ముగ్గురు ఇప్పుడు లేరు. మిగతా నలుగురి దగ్గరికీ ఈ నెలలోనే వెళ్తాను. మోకాళ్ళు సహకరించడం లేదు, అయినా వెళ్తాను.

ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఆ కథ ఎంత దూరం పాకిందో నాకు తెలియదు. మీ ఊళ్ళో ఏ పంతులమ్మయినా చాట్రాయిలో ఒక వడ్రంగి ఉండేవాడని చెబుతుంటే, ఆవిడని తప్పు పట్టకండి. ఆవిడకి ఎవరో చెప్పారు. ఆ ఎవరోకి ఇంకెవరో చెప్పారు.

మొదట చెప్పింది నేను. చెప్పలేదన్నది కూడా నేనే.